లీటరుకు వెయ్యి.. రూమ్‌కు తొమ్మిది!

గిద్దలు, సోలల ఊళ్ల నుంచి వచ్చి మిల్లీలీటర్ల దేశంలో బతుకుతున్నాం. కొలత తెలిస్తే వంటింట్లో కొట్లాట తప్పుతుంది. ఎండలో ప్రాణం నిలబడుతుంది. అల్ రయ్యాన్‌లో మా రూమ్ అనుభవం ఇది..

"నూనె ఎవలు తాగుతున్నరు?"

ఆ శుక్రవారం పొద్దున్నే మా రూమ్‌లో వినబడిన మొదటి మాట ఇదే. అడిగింది జగిత్యాల అన్న. డే డ్యూటీ వాళ్ల వంట ఆయనదే. చేతిలో ఖాళీ సీసా. తారీఖు చూస్తే 24. నెలాఖరు దాకా రావాల్సిన నూనె ఆరు రోజుల ముందే అడుగంటింది. అదే గోడవార నైట్ డ్యూటీ వాళ్ల సీసాలో మాత్రం ఇంకా అర లీటరు ఉంది!

"అట్ల చూస్తావేందన్నా? మా సీసాలో మా నూనె మేం వాడుకుంటాండాం. మీ సీసా జోలికి మేమెందుకొస్తాం?" అని రాయచోటి తమ్ముడు లేచాడు. నైట్ డ్యూటీ దిగి వచ్చి గంట కూడా కాలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాటా మాటా పెరిగింది. "వంటింటికి తాళం వేసుకుందాం" అన్నదాకా పోయింది.

గల్ఫ్‌లో రూమ్ జీవితం తెలిసిన వాళ్లకు ఇది కొత్త కథ కాదు. పెద్ద కష్టాలను పళ్లబిగువున భరిస్తాం. గ్లాసుడు పాలు, గరిటెడు పప్పు దగ్గర మాత్రం మనసు విరిగిపోతుంది. అక్కడ పోయేది నూనె కాదు, నమ్మకం.

అసలు సంగతేమిటో కాసేపటికి మా అమలాపురం బాబాయ్ కాగితం మీద పెట్టి తేల్చాడు. ఆ లెక్కకు వచ్చే ముందు కొలతల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

అమ్మమ్మ కుంచం.. బడిలో లీటరు

మన ఊళ్లలో గింజలు కొలిచిన పాత్రలు గుర్తున్నాయా? గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. తెలంగాణ పల్లెల్లో ఇవే సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు అయ్యాయి. ఒక సీమ మానికకూ మరో సీమ మానికకూ తేడా ఉండేది. పేరు ఒకటే, పాత్ర వేరు.

కానీ ఆ కొలతల్లో ఒక గొప్ప సుఖం ఉంది. అన్నీ సగాలే! సగంలో సగం, దానిలో సగం. కుంచంలో ఎనిమిది తవ్వలు. తవ్వలో ఎనిమిది గిద్దలు. అంటే ఎనిమిది మందికి కుంచెడు గింజలు పంచాలంటే కాగితం, కలం అక్కర్లేదు. తలా ఒక తవ్వ కొలిచి పోయడమే. బడికి పోని అమ్మమ్మ కూడా కళ్లు మూసుకుని పంచేది.

మన దేశంలో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయాపైసలు అయ్యాయి. 1958 నుంచి విడతలవారీగా కిలోలు, లీటర్లు, మీటర్లు అమల్లోకి వచ్చాయి. సగాల లెక్క పోయి పదుల లెక్క వచ్చింది. మన తరం బడిలో నేర్చుకున్నది ఇదే. నేర్చుకున్నాం గానీ, నూటికి తొంభై మందిమి ఐదో తరగతి గుమ్మం దగ్గరే వదిలేసి వచ్చాం. ఇప్పుడు ఇక్కడ ప్రతి డబ్బా మీదా అదే ఎదురవుతోంది.

ఒకసారి మళ్లీ చూద్దాం

లీటరు అంటే పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు ఉన్న పెట్టెలో పట్టేంత. అంతే.

1 లీటరు = 10 డెసిలీటర్లు = 100 సెంటీలీటర్లు = 1000 మిల్లీలీటర్లు.
1000 లీటర్లు = 1 కిలోలీటరు = 1 క్యూబిక్ మీటరు.

సైట్లో రెడీమిక్స్ కాంక్రీటు దించుకునే అన్నలకు క్యూబిక్ మీటరు రోజూ వినే మాటే. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టెలో వెయ్యి లీటర్లు పడతాయి. సెంటీలీటరు యూరప్ నుంచి వచ్చే కొన్ని సీసాల మీద కనిపిస్తుంది. 33 సెంటీలీటర్లు అని ఉంటే 330 మిల్లీలీటర్లన్న మాట.

పంచేటప్పుడు సూత్రం ఒక్కటే గుర్తు పెట్టుకుంటే చాలు. ముందు అన్నిటినీ మిల్లీలీటర్లలోకి మార్చండి. ఆ తర్వాతే భాగించండి. లీటర్లలో ఉండగా భాగిస్తే 5ను 8తో కొడితే 0.625 అని వస్తుంది. ఆ దశాంశం చుక్క దగ్గరే సగం మందికి కళ్లు తిరుగుతాయి. అదే 5000 మిల్లీలీటర్లను 8తో భాగిస్తే 625. చుక్కా లేదు, చిక్కూ లేదు. లీటర్లను మిల్లీలీటర్లు చేయాలంటే చుక్కను మూడు స్థానాలు కుడికి జరపడమే. 1.8 లీటర్లంటే 1800. అర లీటరంటే 500. పావు లీటరంటే 250. 1.25 లీటర్లంటే 1250. ఇక్కడ తప్పు చేసేవాళ్లు చాలామంది, 1.25ను లీటరు పావు అనకుండా "లీటరు మీద 25 మిల్లీలీటర్లు" అనేస్తారు. తేడా 225 మిల్లీలీటర్లు!

డబ్బా చెప్పే అబద్ధాలు

నిజానికి డబ్బా అబద్ధం చెప్పదు, మనమే తప్పు చదువుతాం. మా రూమ్‌లో పడిన నాలుగు బోల్తాలు ఇవి.

అరబీ అంకెలు: అరబీలో సున్నా అంటే చిన్న చుక్క. ఐదు అంటే మన సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది. 500 అని అరబీలో రాసి ఉంటే కొత్తగా వచ్చినవాడికి ఒక సున్నా, రెండు చుక్కలు కనిపిస్తాయి. మందు సీసా దగ్గర ఈ పొరపాటు జరిగితే? అందుకే సీసా తిప్పి ఇంగ్లిషు అంకెలు చూడండి. ఎక్కడో ఒకచోట ఉంటాయి.

గాలన్: నీళ్ల క్యాన్‌ను ఇక్కడ 'ఫైవ్ గాలన్' అంటారు. గాలన్లు రెండు రకాలు. అమెరికా గాలన్ 3.785 లీటర్లు. బ్రిటిష్ గాలన్ 4.546 లీటర్లు. మన క్యాన్ అమెరికా లెక్కది. అయిదు గాలన్లంటే 18.9 లీటర్లు. బ్రిటిష్ లెక్క వేసుకుని 22 లీటర్లకు పైగా ఉన్నాయనుకుంటే దాదాపు నాలుగు లీటర్లు గాల్లో ఉన్నట్టే.

లీటరు, కిలో ఒకటి కాదు: నీళ్లకు మాత్రమే లీటరు దాదాపు కిలో తూగుతుంది. నూనె తేలిక, లీటరు సుమారు 910 గ్రాములు. మన ఊరి నూనె ప్యాకెట్ మీద చూడండి, లీటరు పక్కనే 910 గ్రాములని ఉంటుంది. పాలు కొంచెం బరువు, తేనె ఇంకా బరువు. కాబట్టి నూనెను తక్కెడ మీద పంచితే అందరికీ తక్కెడ మీదే పంచండి. ఒకరికి కిలో లెక్క, ఒకరికి లీటరు లెక్క పెడితే తగువు ఖాయం.

గ్లాసు: "ఆరు గ్లాసుల బియ్యం పొయ్" అంటాడొకడు. ఎవరి గ్లాసు? మా రూమ్‌లో ఉన్న మూడు గ్లాసులను కొలిస్తే ఒకటి 180, ఒకటి 250, స్టీలుది 300 మిల్లీలీటర్లు. చిన్న గ్లాసుతో బియ్యం పోసి, స్టీలు గ్లాసుతో ఎసరు పెడితే అన్నం ముద్దైపోక ఏమవుతుంది? "బియ్యం మంచివి కాదు" అని బకాలా వాడిని తిట్టిన రోజులు ఎన్నో.

ఇంకో సంగతి. డబ్బానే కొలతగా పెట్టుకోకూడదు. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతర్‌తో సంబంధాలు తెంచుకుని దారులు మూసేశాయి. సౌదీ నుంచి వచ్చే పాలు ఆగి, టర్కీ పాలు వచ్చాయి. ఆ జూలైలో విమానాల్లో ఆవులనే తెచ్చి దించారు! 2021 జనవరిలో ఆ గొడవ సర్దుకుంది. దుకాణంలో కంపెనీ మారితే డబ్బా మారుతుంది, సైజూ మారుతుంది. "రోజుకొక డబ్బా" అని లెక్క పెట్టుకున్నవాడు తికమక పడతాడు. "రోజుకు రెండు లీటర్లు" అని పెట్టుకున్నవాడికి ఏ డబ్బా అయితేనేం?

కొలత చెంబు మనమే చేసుకోవచ్చు

కొలత పాత్ర కొనాలంటే రియాళ్లు దండగ అనుకునేవాళ్లకు ఉపాయం ఉంది. ఖాళీ అయిన 500 మిల్లీలీటర్ల నీళ్ల సీసా ఒకటి, దగ్గు మందుతో వచ్చే చిన్న మూత గ్లాసు ఒకటి చాలు. పెద్ద ఖాళీ సీసాలో సీసాడు నీళ్లు పోసి, నీటిమట్టం దగ్గర టేపు అంటించి 500 అని రాయండి. మళ్లీ సీసాడు పోసి 1000 అని రాయండి. చిన్న కొలతలకు మందు గ్లాసు వాడండి.

స్కేలు పెట్టి సీసా ఎత్తును సగం చేసి గీత గీయొద్దు. సీసా మెడ సన్నం, నడుము లావు. ఎత్తులో సగం పరిమాణంలో సగం కాదు. నీళ్లు పోసి గీసిన గీతే నిజమైన గీత.

దుకాణంలోనూ ఇదే లెక్క పనికొస్తుంది. 1.5 లీటర్ల నూనె 12 రియాళ్లు, 1.8 లీటర్లది 13 రియాళ్లు అనుకుందాం. ఏది చవక? మొదటిదాంట్లో వంద మిల్లీలీటర్లు పదిహేను ఉన్నాయి. 1200 దిర్హమ్‌లను 15తో భాగిస్తే వంద మిల్లీలీటర్లకు 80 దిర్హమ్‌లు. రెండోదాంట్లో పద్దెనిమిది. 1300ను 18తో భాగిస్తే 72. పెద్దదే మేలు. ఖతర్‌లో 2021 మార్చి 20 నుంచి అమలైన చట్టం ప్రకారం కనీస జీతం వెయ్యి రియాళ్లు. కంపెనీ భోజనం పెట్టకపోతే పైన 300 రియాళ్లు ఇవ్వాలి. అంటే రోజుకు పది రియాళ్లు. పది రియాళ్లలో మూడు పూటలు గడపాల్సినవాడికి ఎనిమిది దిర్హమ్‌లు చిన్నవేమీ కాదు.

పంక్తిలో వలపక్షం

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు పెద్దలు. రూమ్‌లో అందరూ మనవాళ్లే. అయినా నైట్ డ్యూటీ నుంచి చివర వచ్చినవాడి కంచంలో పప్పుచారు నీళ్లలా ఎందుకుంటుంది?

ఎందుకంటే పప్పు అడుగున పేరుకుంటుంది. ముందు తిన్నవాడు గరిటె లోపలికి ముంచి తీస్తాడు. ఆఖరివాడికి తేట మిగులుతుంది. కొలత ప్రకారం అతనికీ రెండు గరిటెలే వచ్చాయి, కానీ కడుపుకు దక్కింది వేరు. కాబట్టి తీసే ప్రతిసారీ అడుగు నుంచి కలపాలి. ఆలస్యంగా వచ్చేవాళ్ల వాటా ముందే వేరే గిన్నెలో తీసి మూత పెట్టాలి. రెండు లీటర్ల పప్పుచారు తొమ్మిది మందికి తలా 222 మిల్లీలీటర్లు. మా గరిటె కొలిస్తే 110 చిల్లర వచ్చింది. అంటే మనిషికి రెండు గరిటెలు. ఆ రోజు నుంచి మాకు అదే లెక్క.

ఊళ్లో పండక్కి యాటను కోసి పోగులు వేసే పద్ధతి గుర్తుందా? ఒకడు పోగులు వేస్తాడు. ఇంకొకడు అటు తిరిగి నిలబడతాడు. "ఇది ఎవరికి?" అంటే చూడకుండా పేరు చెబుతాడు. ఏ పోగు ఎవరికి పోతుందో తెలియదు కాబట్టి వేసేవాడు అన్నీ సమానంగానే వేస్తాడు. ఊరి నుంచి వచ్చిన ఆవకాయ, అరిసెలు మేమూ ఇలాగే పంచుకుంటున్నాం. మనిషి దొరక్కపోతే ఇంకో పద్ధతి ఉంది. పంచినవాడు ఆఖరున తీసుకోవాలి. అంతకంటే మంచి తక్కెడ లేదు.

మరి నూనె ఎవరు తాగారు?

ఇక మా బాబాయ్ కాగితం దగ్గరికి వద్దాం. మాది మొదట ఎనిమిది మంది రూమ్. డే డ్యూటీ నలుగురు, నైట్ డ్యూటీ నలుగురు. సామాన్లు కలిపి కొంటాం, రెండు జట్లుగా వండుకుంటాం. నెలకు 5 లీటర్ల నూనె డబ్బా. జట్టుకు సగం, అంటే 2500 మిల్లీలీటర్లు. తలకు 625. రోజుకు మనిషికి 21 మిల్లీలీటర్ల లోపు, సుమారు నాలుగు టీస్పూన్లు. ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. ఒక్కరోజు మాట రాలేదు.

ఆ నెల మొదట్లో సిరిసిల్ల తమ్ముడు మా రూమ్‌కు వచ్చాడు. అతను పనిచేసిన చోట జీతం మూడు నెలలుగా ఆగిపోయింది. ఫిర్యాదు పెట్టుకుని తీర్పు కోసం ఎదురుచూస్తున్నాడు. చేతిలో పైసా లేదు. "ఉండు తమ్మీ, తినేదాంట్లో ఇంత పెట్టలేమా?" అని జగిత్యాల అన్నే తీసుకొచ్చాడు. డే జట్టుతో కలిసి తింటున్నాడు. మంచి పనే. కానీ నూనె డబ్బా వచ్చినప్పుడు అలవాటు ప్రకారం మళ్లీ జట్టుకు సగం పోసేశాం.

అక్కడ తప్పింది లెక్క. నైట్ జట్టులో నలుగురికి 2500, అంటే తలకు 625. డే జట్టులో అయిదుగురికి అదే 2500, అంటే తలకు 500. కూర మాత్రం పాత అలవాటు ప్రకారమే, మనిషికి నాలుగు టీస్పూన్ల నూనెతో వండారు. అయిదుగురికి రోజుకు 104 మిల్లీలీటర్లు. 2500ను 104తో భాగించి చూడండి. సరిగ్గా 24 రోజులు!

కాగితం మీద 24 అని పడగానే రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. "దొంగ దొరికాడండీ.. మన భాగహారమే" అని బాబాయ్ నవ్వాడు. జగిత్యాల అన్న సీసా కింద పెట్టి రాయచోటి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పయింది తమ్మీ, పండుకోపో" అన్నాడు.

సరైన పంపకం జట్లను బట్టి కాదు, తలలను బట్టి. 5000ను 9తో భాగిస్తే 555. అయిదుగురి సీసాలోకి 2775, నలుగురి సీసాలోకి 2220. రెండూ కలిపితే 4995. మిగిలింది 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. అది శుక్రవారం అట్ల పెనానికి రాయడానికి అని తీర్మానం చేశాం. మిగులుకు కూడా ముందే ఒక దారి చెప్పుకుంటే దాని మీదా మాట రాదు.

నీళ్ల లెక్క.. ప్రాణం లెక్క

నూనె లెక్క తప్పితే మాటలు వస్తాయి. నీళ్ల లెక్క తప్పితే మనిషే పడిపోతాడు.

ఎండలో పనిచేసేవాళ్లు దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి 15, 20 నిమిషాలకొకసారి ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల దాకా తాగాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. 20 నిమిషాలకొకసారి అనుకున్నా గంటకు 750. పొద్దున 5 నుంచి 10 దాకా అయిదు గంటల పనికి 3750 మిల్లీలీటర్లు. ఎనిమిది మంది గ్యాంగ్‌కు 30 లీటర్లు. క్యాన్‌లో ఉండేది 18.9 లీటర్లు. ఎనిమిది మందికి పంచితే తలకు 2362 మిల్లీలీటర్లే. మూడు గంటల కొద్దిసేపటికే అయిపోతుంది! అంటే గ్యాంగ్‌కు ఒక్క క్యాన్ పంపి "పొద్దంతా చాలు" అనే ఫోర్‌మన్‌తో గొడవ పడక్కర్లేదు. ఈ లెక్క రాసి చూపించండి. రెండు క్యాన్‌లు కావాలని లెక్కే అడుగుతుంది.

అడగడం మన హక్కు కూడా. 2021లో వచ్చిన 17వ నంబరు మంత్రిత్వ నిర్ణయం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. వేడి, తేమ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. చల్లటి తాగునీరు ఉచితంగా ఇవ్వాలి.

అలాగని ఒక్కసారే కడుపు నిండా తాగేయొద్దు. గంటకు లీటరున్నర దాకా పోనివ్వకూడదు. నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడి అదీ ప్రమాదమే. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు తమ కొలత డాక్టరునే అడగాలి. తోటివాడు తడబడుతూ మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా నీళ్ల లెక్కలు పక్కన పెట్టి నీడకు చేర్చండి, ఒళ్లు తడపండి, 999కి ఫోన్ చేయండి.

ప్యాకెట్ ఒకటే.. సీసాలు రెండు

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ తాగుతాం. మనలో చాలామంది చేసే తప్పు ఇక్కడే. ప్యాకెట్ లీటరు నీళ్లకు చేసింది. చేతిలో ఉన్నది అర లీటరు సీసా. అందులోనే మొత్తం కొట్టేసి గిలకరిస్తాం. ఉప్పు, చక్కెర రెట్టింపు చిక్కనైపోతాయి. మేలు చేయాల్సిన నీళ్లు విరేచనాలను ఇంకా పెంచుతాయి. లీటరు ప్యాకెట్‌కు 500 మిల్లీలీటర్ల సీసాలు రెండు కావాలి. రెండూ ఒక గిన్నెలో పోసి కలపండి. 200 మిల్లీలీటర్లకు చేసిన చిన్న ప్యాకెట్లూ ఉంటాయి. దాన్ని లీటరులో కలిపితే మరీ పలచన. కాబట్టి చింపే ముందు చదవాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటికి గీత సమానంగా ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. అర లీటరుకైతే మూడు టీస్పూన్ల చక్కెర, పావు టీస్పూను ఉప్పు. లీటరున్నర సీసాకైతే తొమ్మిది, ముప్పావు.

టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను అంటే 15. రూమ్‌లో చేతికి దొరికిన చెంచాలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. దగ్గు మందు 10 మిల్లీలీటర్లు అని రాస్తే మందు గ్లాసుతోనే పోసుకోండి. క్లీనింగ్ పని చేసేవాళ్లకు మందు డబ్బా మీద 1:100 అని ఉంటే లీటరుకు 10 మిల్లీలీటర్లని గుర్తు. పది లీటర్ల బకెట్‌కు 100. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, చేతులు, ఊపిరితిత్తులు మండుతాయి.

బడిలో చదివి మరిచిపోయిన డెసిలీటరు ఎక్కడుందో తెలుసా? మన షుగర్ రిపోర్టులో! ఊళ్లో పరగడుపున 126 అంటే షుగర్ ఉన్నట్టని చెబుతారు. అది డెసిలీటరు రక్తంలో ఉన్న మిల్లీగ్రాములు. ఇక్కడి చాలా రిపోర్టుల్లో లీటరుకు మిల్లీమోల్ లెక్క వేస్తారు. దాని ప్రకారం అదే షుగర్ 7 అని వస్తుంది. "ఏడే కదా, ఏమీ లేదు" అని మురిసిపోతే మోసపోయినట్టే. ఇక్కడి అంకెను 18తో గుణిస్తే ఊరి అంకె వస్తుంది. 7ను 18తో గుణిస్తే 126.

అర టీస్పూను కూడా కాదు

నూనె గొడవ తేలిన ఆ శుక్రవారం మధ్యాహ్నం సిరిసిల్ల తమ్ముడు అన్నం తినలేదు. "ఆకలి లేదన్నా" అన్నాడు. రాత్రి చూస్తే మూలనున్న బ్యాగు సర్దుకుంటున్నాడు. తన వల్లే రూమ్‌లో కొట్లాట వచ్చిందని అతని బాధ. కాగితం మీద 24 అని పడినప్పుడు మేమంతా నూనెను చూశాం. అతను మాత్రం తొమ్మిదో తలను, తనను చూసుకున్నాడు.

బాబాయ్ మళ్లీ కాగితం తీశాడు. ఎనిమిది మంది ఉన్నప్పుడు తలకు 625. తొమ్మిది మందికి 555. నీ కోసం ఒక్కొక్కరం వదులుకున్నది నెలకు 70 మిల్లీలీటర్లు. దాన్ని 30 రోజులకు పంచితే రోజుకు రెండు మిల్లీలీటర్ల చిల్లర. మందు గ్లాసు తెచ్చి ఆ రెండు మిల్లీలీటర్ల చిల్లర పోసి అతని ముందు పెట్టాడు. అడుగున తడిసినట్టు కనిపించింది, అంతే.

"అర టీస్పూను కూడా లేదు కదయ్యా.. దీనికోసం బ్యాగు సర్దుతావా?" అన్నాడు.

జగిత్యాల అన్న బ్యాగు తీసి మళ్లీ మంచం కిందకు నెట్టాడు. రాయచోటి తమ్ముడు డ్యూటీకి పోతూ పోతూ తన వాటా ఆవకాయ గిన్నె అతని వైపు జరిపాడు. ఆ రాత్రి పప్పుచారు మనిషికి రెండు గరిటెలు వచ్చింది, అడుగు నుంచి కలిపి మరీ.

ఇప్పుడు మా వంటింటి గోడకు ఒక కాగితం అంటించి ఉంది. పైన 'మొత్తం మిల్లీలీటర్లు', కింద 'ఎంతమంది'. మొదటి అంకె డబ్బా చూసి రాస్తాం. రెండోది మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున మంచాలు లెక్కపెట్టి కొత్తగా రాస్తాం. సెలవు మీద ఊరికి పోయినవాడు ఉంటాడు, కొత్తగా వచ్చినవాడు ఉంటాడు. మీ రూమ్‌లోనూ అలాంటి కాగితం ఒకటి అంటించి చూడండి. నూనె ఎవరు తాగుతున్నారని అడగాల్సిన అవసరం రాదు.